ఖురానే ఒక మోజిజా అంటే అసలు అర్థమేంది?

తమ్మీ, నువ్వు అడిగిన దాంట్ల మూడు నాలుగు ప్రశ్నలున్నయ్. మీ ఆఫీస్‌ల పనిచేసే కాజీపేట దోస్త్ "మా ప్రవక్తకు ఇచ్చిన పెద్ద మోజిజా ఖురానే" అన్నడు, అదేందో నీకు సమజ్ కాలె. తెలుగు ఖురాన్ తెచ్చుకొని ఎనభై పేజీలు చదివినవ్, మంచి మాటలున్నయ్ గానీ అద్భుతం అనేటంత ఏం కనిపియ్యలె అన్నవ్. వాట్సాప్‌ల తిరిగే సైన్స్ వీడియోలు, 19 లెక్కలు నిజమేనా అన్నవ్. ఆఖర్ల, రంజాన్‌ల తరావీ (రాత్రిపూట ఖురాన్ చదివే నమాజ్) వినెతందుకు మసీదుల కూసోవచ్చా అని. తప్పుగ అడిగితే మాఫ్ చెయ్యుండ్రి అని కూడ రాసినవ్, అందులో మాఫ్ చేసేటంత తప్పేం లేదు, ఇంత మంచిగ అడిగినోళ్లను నేను చాలా తక్కువ చూసిన.

నా గురించి రెండు మాటలు. చిన్నప్పుడే హిఫ్జ్ చేసిన, అంటే ఖురాన్ మొత్తం నోటికి వస్తది. అర్థం మాత్రం అప్పుడు ఒక్క ముక్క తెల్వదు. స్కూల్ల తెలుగు మీడియం, ఇంట్ల ఉర్దూ, మదర్సాల అరబీ. ముప్పై దాటినంక హైదరాబాద్ పోయి అరబీ వ్యాకరణం కూసోని నేర్చుకున్న, అప్పటిసంది వరంగల్ మండిబజార్ దిక్కు పిల్లలకు అదే చెప్తున్న. నేను నమ్మినోణ్ణి, ఆ సంగతి ముందే చెప్తున్న, ఎందుకంటే నేను చెప్పే దాంట్ల ఏది నమ్మకం, ఏది చరిత్ర, ఏది భాష సంగతి అనేది నువ్వు వేరువేరుగ చూసుకోవాలె.

ముందుగాల ఆ మాట సంగతి. మోజిజా అంటే తెలుగుల మహిమ, అద్భుతం అని రాస్తరు, సగం గందరగోళం ఈడనే మొదలైతది. మహిమ అనంగనే మనకు విబూది రాలుడో, నడవనోడు నడుసుడో మతికొస్తది. అరబీల ఆ మాట మూలం వేరు, అజ్జ్ అంటే చేతకాకపోవుడు. మన వరంగల్ల ఉర్దూ మాట్లాడే ఆడోళ్లు అల్లరి పిలగాన్ని చూసి "ఇస్‌సే ఆజిజ్ ఆగయీ మై" అంటరు సూడు, వీనితోని నా వల్ల అయితలేదు అని, ఆ ఆజిజ్, ఈ మోజిజా, పండితులు వాడే ఎజాజ్ అనే మాట, మూడూ ఒక్క వేరు నుంచి వచ్చినయే. అంటే ఎదుటోడు చేతులెత్తేసేటట్టు చేసేది. ఖురాన్ మోజిజా అంటే కాగితం మీద మెరుపులు మెరుస్తయని కాదు, ఇసొంటి మాట ఇంకోడు తేలేడు అని. ఇది ఒక సవాల్‌కు సంబంధించిన మాట.

పెద్దోళ్లు ఎట్ల చెప్తరంటే, ఏ కాలంల జనం దేంట్ల పెద్దగుంటే ఆ కాలం ప్రవక్తకు దాంట్లనే మోజిజా వచ్చింది. మూసా (మోషే) అలైహిస్సలాం కాలంల మంత్రగాళ్లు, ఆయనకు చేతికర్ర పాము అయ్యింది. ఈసా (యేసు) అలైహిస్సలాంకు రోగాలు నయం చేసుడు. మక్కా అరబ్బులకు ఏమున్నది, కోటలు లేవు, పుస్తకాలు లేవు, ఉన్నదొక్కటే నోరు. కవి ఒక్క పద్యం చెప్తే ఒక తెగ పరువు లేస్తది, ఇంకో తెగ పరువు పోతది, వ్యాపారం కంటే యుద్ధం కంటే వాళ్లకు మాట మీద పట్టు ఎక్కువ. అటువంటోళ్ల ముందట, మా ప్రవక్త ముహమ్మద్, చదువు రాయుడు నేర్వని మనిషి, నలభై ఏండ్ల దాంక కవి అని ఎవ్వరూ అననోడు, 610ల మొదలువెట్టి 632ల పోయేదాంక, కొద్దికొద్దిగ 114 సూరాలు (అధ్యాయాలు) వినిపించిండు. మక్కా వాళ్లు కూడ నీ తీరుగనే అడిగిన్రు, ఏదన్న మహిమ చూపియ్యరాదు అని. దానికి 29వ సూరాలనే జవాబున్నది: నీ మీదికి మేం గ్రంథం దించినం, అది వాళ్లకు చదివి వినిపిస్తున్నరు, అది చాలదా వాళ్లకు? మా నమ్మకం మొత్తం ఈ "చాలదా" అనే మాట మీద నిలవడి ఉన్నది.

సవాల్ ఐదు చోట్ల వస్తది. 17వ సూరాల, మనుషులు, జిన్నులు (కంటికి కనిపియ్యని జీవులు) అందరు కలిసినా ఇటువంటి ఖురాన్ తేలేరు అని. 52ల ఇసొంటి మాట ఒక్కటి తెమ్మని. 11ల పది సూరాలు తెమ్మని. 10ల, 2ల ఒక్కటంటే ఒక్క సూరా చాలని. ఖురాన్ల చిన్న సూరా మూడే వాక్యాలు. అంటే అడిగింది మూడు వాక్యాలు. పాత పండితులందరు ఈడ ఒక్క మాట అడుగుతరు, నాకు ఇప్పటికీ అది బలమైన మాటనే అనిపిస్తది: మూడు వాక్యాలు చెప్పి నోరు మూపియ్యగలిగినోళ్లు దాని బదులు 624ల బద్ర్ యుద్ధం దాంక, 625ల ఉహద్ యుద్ధం దాంక ఎందుకు పోయిన్రు, ప్రాణాలెందుకు పోగొట్టుకున్నరు? కవులు లేకనా, మస్తుమంది ఉన్నరు.

వలీద్ బిన్ ముగైరా అని మక్కాల ఖురైష్ తెగ పెద్దమనిషి, పద్యాలు తెలిసినోడు. ఆయన విని వచ్చిండు. జనం అడిగిన్రు, ఎట్లున్నది అని. పాత చరిత్రకారులు రాసిన ప్రకారం, దాంట్ల ఒక తీపి ఉన్నది, అది కవిత్వం కాదు, నాకు తెల్వని కవిత్వం లేదు, జోస్యాలు చెప్పేటోళ్ల మాట కూడ కాదు అన్నడు. మరి ఏమని చెప్పాలె జనానికి అంటే, ఆలోచించి ఆలోచించి మొఖం ముడుసుకొని "జాదూ" అని చెప్పుండ్రి అన్నడు. ఆ ముడుసుకున్న మొఖం సంగతి 74వ సూరాల ఉన్నది. నాకు దాంట్ల ముఖ్యమనిపించేది ఆయన నమ్మకపోవుడు కాదు. ఆయన దగ్గర ఆ మాటను పెట్టెతందుకు పెట్టె లేకపోవుడు. అరబీల ఛందస్సు ఉన్న కవిత్వం ఉండె, ప్రాస మాత్రం ఉండి ఛందస్సు లేని పూజారుల మాటలు ఉండె, మామూలు వచనం ఉండె. ఖురాన్ల ప్రాస ఉన్నది గానీ ఒక్క తీరుగ నడవది, లయ ఉన్నది గానీ ఛందస్సుకు దొరకది. పొడుగు వాక్యం ఒకటి అర పేజీ నడుస్తది, దాని పక్కనే రెండు మాటల వాక్యం వస్తది.

ఇగ అసలు చూపిస్తనే గానీ చెప్తే కాదు. ఆ చిన్న సూరానే తీసుకో, 108వది, కౌసర్. తెలుగు అక్షరాలల్ల రాస్తున్న, అరబీ చప్పుడు పూర్తిగ రాదు, అయినా పైకి చదువు: ఇన్నా ఆతైనా కల్ కౌసర్. ఫసల్లి లిరబ్బిక వన్హర్. ఇన్న షానిఅక హువల్ అబ్తర్. అర్థం, మేం నీకు కౌసర్ ఇచ్చినం, కాబట్టి నీ ప్రభువు కోసం నమాజ్ చెయ్యి, ఖుర్బానీ ఇయ్యి, నిన్ను ద్వేషించేటోడే అబ్తర్. నువ్వు తెలుగుల చదివినప్పుడు ఇది అర నిమిషంల దాటిపోయి ఉంటవ్, నేనైనా గట్లనే దాటిపోతుంటి.

సందర్భం విను. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లంకు మక్కాల పుట్టిన కొడుకులు చిన్నప్పుడే పోయిన్రు. మన ఊర్లల్ల కొడుకు లేనోన్ని ఏమంటరో నీకు తెల్సు, వంశం నిలవెట్టేటోడు లేడు, తలకొరివి పెట్టేటోడు లేడు అని మొఖం మీదనే అంటరు. గట్లనే ఆస్ బిన్ వాయిల్ అనే పెద్దమనిషి, ఆ మనిషి అబ్తర్, వదిలెయ్యుండ్రి, పోతే పేరు కూడ మిగలది అన్నడు. అబ్తర్ అంటే తోక తెగిన జంతువు, ఎనకకు ఏం లేనోడు అని తిట్టు. కొడుకును మట్టిల పెట్టి వచ్చిన తండ్రిని పట్టుకొని అన్న మాట అది. దానికి ఈ మూడు వాక్యాలు జవాబు.

ఇప్పుడు చూడు. కౌసర్ అనే మాట ఖురాన్ మొత్తంల ఈ ఒక్క చోటనే ఉన్నది. కస్రత్ అంటే ఎక్కువగుండుడు, దాన్ని ఇంకా పెంచి చేసిన మాట, పట్టరానంత ఎక్కువ అని. స్వర్గంల ఒక నది పేరు అని కూడ హదీసులల్ల (ప్రవక్త మాటలు, పనుల గురించి చెప్పిన కథనాలల్ల) ఉన్నది. ఏం ఎక్కువ ఇచ్చినమో చెప్పలె, కొడుకులనా, ధనమా, మనుషులనా, ఏదీ అనలె, అనకపోవుడే దాని బలం. తర్వాత, "మేం ఇచ్చినం" అని మొదలైతది కదా, మరి "మా కోసం నమాజ్ చెయ్యి" అనాలె. అనలె. "నీ రబ్ కోసం" అన్నది. రబ్ అంటే సాకి పెంచినోడు. రాజు తీరుగ మాట్లాడుతున్న గొంతు ఒక్క క్షణంల దగ్గరికి జరిగి, నిన్ను పెంచినోడు ఉన్నడు కదా అన్నట్టు అయితది. మాట మధ్యల గిట్ల నేను మేము ఆయన అని మారుడును అరబీ వ్యాకరణంల ఇల్తిఫాత్ అంటరు, అంటే తల తిప్పి చూసుడు. ఇగ ఆఖరు వాక్యంల "హువ" అని చిన్న మాట ఉన్నది, అది తీసేసినా వాక్యం నిలవడతది, కానీ అది ఉండవట్టికే "వాడే, నువ్వు కాదు" అని వస్తది. తెలుగుల మనకు ఆ "ఏ" ఉన్నది కాబట్టి మనం అదృష్టవంతులం, ఇంగ్లీష్‌ల దానికి ఎన్నో తిప్పలు పడాలె. అబ్తర్ అనే తిట్టు ఎవడు ఇసిరిండో వానికే పోయి తగిలింది, అది కూడ మొత్తం సూరాల ఆఖరు మాటగ. అర్, అర్, అర్ అని మూడు దెబ్బలు, మూడోది తిరుగు దెబ్బ.

చరిత్ర ఎట్ల పోయిందంటే, ఆస్ సొంత కొడుకు అమ్ర్ తర్వాత ముస్లిం అయ్యి, ఈజిప్ట్ గెలిచిన సైన్యానికి పెద్ద అయ్యిండు. అబ్తర్ అనిపించుకున్న ప్రవక్త వంశం ఆయన బిడ్డ ఫాతిమా రజియల్లాహు అన్హా వైపు నుంచి నడిచింది, మన వరంగల్ల, కాజీపేటల పేరు ముందట సయ్యద్ అని పెట్టుకున్నోళ్లు ఎంతమంది ఉన్నరో లెక్కవెట్టు, వాళ్లందరు చెప్పుకునే వంశం అదే. కొడుకు ఉంటేనే వంశం అనుకునే సమాజంల ఇది ఒక బిడ్డ నుంచి నడిచింది.

తెలుగు అనువాదంల ఏం కనిపియ్యలె అన్నవ్ కదా, తప్పు నీది కాదు, అనువాదం చేసినోళ్లది కూడ కాదు. తెలుగుల చాలామంది కష్టపడ్డరు, ముస్లిం కాని చిలుకూరి నారాయణరావు గారు ఎప్పుడో ఆ పని చేసిన్రు, ఆ మనిషికి నేను దండం పెడ్త. కానీ ముస్లింల దృష్టిల అనువాదం అంటే ఖురాన్ భావం, ఖురాన్ కాదు, నమాజ్‌ల అది చదవరు. నిజాం కాలంల మర్మడ్యూక్ పిక్థాల్ అని ఇంగ్లండ్ రచయిత ఉండె, ముస్లిం అయినంక 1925ల హైదరాబాద్ వచ్చి చాదర్‌ఘాట్ హైస్కూల్‌కు హెడ్‌మాస్టర్ అయ్యిండు, అప్పుడు మన వరంగల్ కూడ ఆ రాజ్యంలదే. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆయనకు సెలవు ఇచ్చి అనువాదం పూర్తి చేసుకోమన్నడు, 1930ల అచ్చయింది. ఆయన దానికి ఖురాన్ అని పేరు పెట్టలె, ఖురాన్ అర్థం అని పెట్టిండు, ముందుమాటల ఖురాన్‌ను అనువాదం చేయలేమని ఒప్పుకున్నడు, దాని చప్పుడే మనుషులను ఏడిపిస్తదని రాసిండు. జీవితమంతా ఇంగ్లీష్ రాసి బతికిన మనిషి అన్న మాట అది. మనకైతే ఇట్ల అర్థమైతది, బమ్మెర పోతన పక్క ఊరోడే కదా, ఆయన పద్యం ఒకటి హిందీల భావం చెప్పి, ఇదీ పోతన గొప్పతనం అని పట్నం దోస్త్‌కు చూపియ్యి, వాడు "మంచిగున్నది" అంటడు, అంతకంటే ఏమంటడు.

ఇంకో ఉదాహరణ, 55వ సూరా రహ్మాన్. తెలుగుల చదివితే ఒక్క వాక్యమే 31 సార్లు వస్తది, మీరిద్దరు మీ ప్రభువు వరాలల్ల దేన్ని కాదంటరు అని. కాగితం మీద విసుగొస్తది, ఒప్పుకుంట. అరబీల అది ద్వివచనం, సంస్కృతంల ఉన్నట్టు, మనుషులను జిన్నులను ఇద్దరినీ కలిపి అడుగుడు. ఆ ద్వివచనం చివర "ఆన్" అని వస్తది, చుట్టు ఉన్న వాక్యాలు కూడ మస్తు మటుకు అదే చప్పుడు మీద దిగుతయ్. అబ్దుల్ బాసిత్ అని ఈజిప్ట్ ఖారీ (ఖురాన్ చదివి వినిపించేటోడు), 1988ల పోయిండు, ఆయన గొంతుల ఈ సూరా ఒక్కసారి కళ్లు మూసుకొని విను. మా ఇంట్ల క్యాసెట్ ఉండె, అరిగిపోయేదాంక విన్నం.

ఇగ ఈ చేతకాకపోవుడు ఎందుకు వచ్చింది అనేదాని మీద ముస్లింల మధ్యనే పెద్ద వాదం నడిచింది, ఇది చాలామంది మా వాళ్లకే తెల్వదు. తొమ్మిదో శతాబ్దంల నజ్జామ్ అని ముతజిలా (తర్కానికి పెద్దపీట వేసే ముస్లిం పండితుల వర్గం) పండితుడు, ఖురాన్ లాంటి వాక్యం చెప్పుడు మనుషులతోని అయ్యే పనే, కానీ అల్లాహ్ వాళ్ల శక్తిని పక్కకు తిప్పేసిండు, అదే మోజిజా అన్నడు. దీన్ని సర్ఫా అంటరు. చాలామంది ఒప్పుకోలె. అట్లయితే మోజిజా ఖురాన్ల లేనట్టే కదా, నోరు కట్టేసుడుల ఉన్నట్టు అన్నరు. ఆయన శిష్యుడు జాహిజ్, తర్వాత రుమ్మానీ, ఖత్తాబీ, 1013ల పోయిన బాఖిల్లానీ, అందరు దీని మీద రాసిన్రు. బాఖిల్లానీ అయితే ఇమ్రుల్ ఖైస్ అంతటి మహాకవి పద్యాన్ని లైన్ లైన్ పట్టి ఈడ బలహీనంగుంది, ఆడ అతుకుంది అని చూపెట్టిండు. నాకు ఆ పద్ధతి అంతగ నచ్చది, ఒక కవిని కిందికి గుంజి ఖురాన్‌ను ఎత్తుడు అవసరమా అనిపిస్తది.

నాకు కళ్లు తెరిపిచ్చినోడు అబ్దుల్ ఖాహిర్ జుర్జానీ, కాస్పియన్ సముద్రం దిక్కు గుర్గాన్ ఊరోడు, 1078 ప్రాంతంల పోయిండు. అరబ్ దేశంల పుట్టినోడు కాదు, గానీ అరబీ మాటల కూర్పు గురించి ఆయనంత లోతుకు పోయినోడు లేడు. ఆయన ఏమంటడంటే, గొప్పతనం ఒక్కో మాటల ఉండది, ఆ మాటలు అరబ్బులందరి దగ్గర ఉన్నయే. ఉత్త భావంల కూడ ఉండది. మాట పక్కన మాట ఎట్ల కూసున్నది, ఏది ముందు ఏది ఎనక, ఏది చెప్పలె, దాంట్ల ఉంటది. దాన్ని నజ్మ్ అన్నడు, దండ గుచ్చినట్టు.

దానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ 19వ సూరాల ఉన్నది. జకరియ్యా అలైహిస్సలాం ముసలోడు, పిల్లలు లేరు, రాత్రి ఎవ్వరికి వినవడకుంట దువా (ప్రార్థన) చేస్తడు: నా ఎముకలు బలహీనమైనయ్, నా నెత్తి నెరుపుతోని (తెల్ల వెంట్రుకలతోని) మండింది. మామూలుగ అయితే "నెత్తిల నెరుపు మండింది" అనాలె. ఖురాన్ల నెత్తే మండింది, నెరుపుతోని. తేడా ఏందంటవా, జుర్జానీ ఇల్లు మండే లెక్క చూపెడ్తడు, మన మాటల చెప్తే, "ఇంట్ల నిప్పంటుకున్నది" అంటే ఏదో ఒక మూలకు అంటుకున్నదేమో, ఉరికి ఆర్పొచ్చు. "ఇల్లంత మంటయింది" అంటే ఇగ మిగిలిందేం లేదు. మాటలు అవే, జాగ మారింది, ముసలితనం మొత్తం కళ్ల ముందటికి వచ్చింది. మా ఉస్తాద్ ఇది చెప్పిన రోజు నాకు ముప్పై ఒకటో ఏడు. ఆ వారం ఇంటికొచ్చిన. మా అబ్బా జబ్బుతోని మంచంల ఉండె, నెలల నెత్తి మొత్తం తెల్లగైంది, కిటికీల నుంచి పొద్దు పడుతుంటే చూసి, పదకొండేండ్లప్పటి సంది నోట్ల తిరుగుతున్న ఆ వాక్యం నాకు మొట్టమొదటిసారి వినవడ్డది. ఇరవై ఏండ్లు చదివి వినలేదని అప్పుడు తెలిసింది.

ఇంకోటి, నూహ్ (నోవహు) అలైహిస్సలాం వరద అయిపోయే చోట, 11వ సూరా 44: "ఓ భూమీ, నీ నీళ్లు మింగు, ఓ ఆకాశమా, ఆగిపో" అని అనబడింది, నీళ్లు ఇంకినయ్, పని అయిపోయింది. ఎవరన్నరో చెప్పలె, "అనబడింది" అంతే. ఇంకెవరంటరు, చెప్పాల్సిన పని లేదు. నీళ్లు మింగు అనలె, "నీ" నీళ్లు అన్నది. పిలుసుడు, ఆజ్ఞ, ఆగుడు, ఇంకుడు, అయిపోవుడు, అంత పెద్ద వరదను ఇన్ని తక్కువ మాటలల్ల ముగించుడు జుర్జానీకి ఎంత నచ్చిందంటే ఒక్కో మాట పట్టి రాసిండు. 2023 జూలైల మోరంచపల్లి మునిగినప్పుడు, మన హన్మకొండ కాలనీలల్ల నీళ్లు నిలిచినప్పుడు నువ్వు ఉన్నవో లేవో, తెల్లారి వాన ఆగి నీళ్లు గుంజుతున్నప్పుడు ఉండే ఆ నిశ్శబ్దం చూసినోళ్లకు ఈ వాక్యం ఎక్కువ చెప్పాల్సిన పని లేదు.

మరి అరబీ రానోళ్ల సంగతేంది అని అడుగుతవ్. మా అమ్మీకి ఏ చదువూ రాదు, అలీఫ్ బే కూడ ముసలితనంల నూరానీ ఖాయిదా (అరబీ అక్షరాలు నేర్పే చిన్న పుస్తకం) పట్టుకొని నేర్చుకున్నది. నేను యాసీన్ సూరా చదువుతుంటే ఏడ్చేది. దాన్ని నేను ఎజాజ్‌కు సాక్ష్యం అని చెప్పను, మంచి గొంతుకు, అలవాటుకు, భక్తికి ఎవరైనా ఏడుస్తరు, వేరే మతాలల్ల కూడ ఏడుస్తరు. కానీ ఆ చప్పుడును కాపాడెతందుకు ఎంత కష్టపడ్డరో చూడు. ఖల్బ్ అంటే గుండె, కల్బ్ అంటే కుక్క, గొంతుల ఒక్క అక్షరం జరిగితే అర్థం అంత దూరం పోతది. అందుకే తజ్వీద్ అని ఒక శాస్త్రమే ఉన్నది, ఏ అక్షరం గొంతుల ఎక్కడికెళ్లి రావాలె, ఎంతసేపు గుంజాలె అని. మండిబజార్ల పన్నెండేండ్ల పోరడు, అరబీ మాట్లాడలేనోడు, ఆరువేలకు పైన వాక్యాలు చూడకుంట చదువుతడు, ఒక్క హల్లు తప్పితే ఎనక నిలవడ్డోడు అక్కడికక్కడే అందిస్తడు.

మగ్రిబ్ (పొద్దుగూకే) నమాజ్ అయినంక మసీదు గేట్ కాడ హిందూ తల్లులు కూడ పిల్లల్ని ఎత్తుకొని, నీళ్ల సీసాలు పట్టుకొని దమ్ (ఖురాన్ చదివి ఊదుడు) చేయించుకోనీకి నిలవడతరు కదా, దాన్ని నేను తక్కువ చెయ్య, ఖురాన్ల నమ్మినోళ్లకు స్వస్థత ఉన్నదని 17వ సూరాలనే ఉన్నది. అది బర్కత్ (దీవెన) సంగతి, ఎజాజ్ వేరే. రెండూ కలపొద్దు.

ఇగ వాట్సాప్ వీడియోలు. సూటిగ చెప్తున్న, మా వాళ్లకు కోపమొచ్చినా సరే. మారిస్ బుకాయ్ అని ఫ్రాన్స్ డాక్టర్ 1976ల పుస్తకం రాసినప్పటిసంది ఖురాన్ల సైన్స్ వెతుకుడు బాగ ఊపందుకున్నది. ఇనుము దింపినం అని 57వ సూరాల ఉన్నది, ఇనుము నక్షత్రాలల్ల తయారైతదని సైన్స్ చెప్పింది, చూసిన్రా అంటరు. కానీ అదే "దింపినం" అనే క్రియ 39వ సూరాల పశువులకు ఉన్నది, 7వ సూరాల బట్టలకు ఉన్నది. మేకలు, బట్టలు నక్షత్రాలల్ల తయారు కాలె. ఆ క్రియకు అర్థం ప్రసాదించినం అని, పైవాడు ఇచ్చిండు అని మనమన్నట్టు. రోజు అనే మాట 365 సార్లున్నదంటరు, ఏకవచనం మాత్రం లెక్కవెట్టి ద్వివచనం బహువచనం పక్కన పెడితేనే ఆ లెక్క వస్తది. 1388ల పోయిన షాతిబీ, స్పెయిన్ దిక్కు పెద్ద పండితుడు, ఖురాన్ల అన్ని శాస్త్రాలు వెతికేటోళ్లను అప్పుడే వద్దన్నడు. మన దేశంల అష్రఫ్ అలీ థానవీ సాబ్ కూడ అదే హెచ్చరిక చేసిన్రు. సైన్స్ రేపు తన మాట తానే దిద్దుకుంటది, దిద్దుకోవుడే దాని పద్ధతి, అప్పుడు నీ ఆయత్‌ను (ఖురాన్ వాక్యాన్ని) ఏం చేస్తవ్? నేను పిల్లలకు ఇదే చెప్త, ఖురాన్ల సృష్టిని చూడమని, ఆలోచించమని ఉన్నది, చూడుండ్రి, కానీ అది ఫిజిక్స్ పుస్తకం కాదు.

19 లెక్క ఇంకా నష్టం చేసింది. రషాద్ ఖలీఫా అని ఈజిప్ట్‌ల పుట్టి అమెరికాల ఉన్న బయోకెమిస్ట్, 74వ సూరాల "దాని మీద పంతొమ్మిది" అనే వాక్యం పట్టుకొని, కంప్యూటర్ తోని లెక్కలు వేసి 1974ల ఖురాన్ మొత్తం 19 మీద కట్టి ఉన్నదన్నడు. మొదట్ల మావాళ్లు చప్పట్లు కొట్టిన్రు. ఎక్కడ లెక్క కుదరలేదో అక్కడ ఏం చేసిండంటే, 9వ సూరా ఆఖరు రెండు ఆయత్‌లు ఖురాన్లవి కావని తీసేసిండు. తానే దూతనన్నడు. 1990ల ఆయనను హత్య చేసిన్రు, అది ఘోరం, దాన్ని ఎవ్వరూ సమర్థించొద్దు. కానీ చూడు, మోజిజా నిరూపించెతందుకు పోయి ఖురాన్నే కోసిండు. ఆ వీడియో ఫార్వార్డ్ చేసేటోళ్లల్ల ఈ సంగతి తెలిసినోడు నాకింకా కలవలె.

బర్మింగ్‌హామ్ యూనివర్సిటీల దొరికిన పాత ఆకుల గురించి కూడ పంపిస్తరు. 2015ల ప్రకటించిన్రు, ఆ తోలు వయసు కార్బన్ పరీక్షల 568కి 645కి మధ్య వచ్చింది. సంతోషమే. దాంతోని తేలేది ఆ ఆకులు చాలా పాతవని, దేవుని మాట అవునా కాదా అన్నది తోలు చెప్పది.

మరి నమ్మనోళ్లు ఏమంటరు? ఏ గొప్ప కవినైనా ఇంకోడు అచ్చంగ తేలేడు, మరి అందరూ మోజిజాలేనా అంటరు. తీర్పు చెప్పేది ఎవరు, అరబీ వచ్చినోళ్లేనా, వాళ్లల్ల కూడ నమ్మినోళ్లేనా అంటరు. ఇవి కొత్త ప్రశ్నలు కావు, తొమ్మిదో శతాబ్దంల ఇబ్న్ రావందీ బాగ్దాద్‌ల అడిగినయే, మా పండితులు ఆయన మాటలకు జవాబులు రాసుకుంట పోయిన్రు. నా జవాబు చిన్నది. కవి తన పద్యం పట్టుకొని, ఇది నాది కాదు, చేతనైతే ఇటువంటిది తెండి, తెస్తే నేను అబద్ధమని తేలుతది అని తన జీవితం మొత్తం పణంగ పెట్టడు. ఈడ పెట్టిన్రు. అరబీ బాగ తెలిసిన ఆ శత్రువులు తేలేదు. అంతవరకు చరిత్ర తీరుగ మాట్లాడొచ్చు. దాని ఎనక ఎవరున్నరు అన్నది విశ్వాసం, ఆడికి లెక్క తోని, వీడియో తోని ఎవ్వరినీ గుంజుకపోలేం, నేను నిన్ను గుంజను కూడ. మీ దోస్త్‌తోని వాదం పెట్టుకోకు, కౌసర్ చదివి వినిపియ్యమను, అర్థం అడుగు. ఆయనకు రాకపోతే ఇద్దరు కలిసి నేర్చుకోండ్రి.

తరావీ సంగతి. మా దిక్కు చాలా మసీదులల్ల అభ్యంతరం పెట్టరు, కానీ ముందుగాల మీ దోస్త్‌తోని ఇమామ్ సాబ్‌కు ఒక మాట చెప్పించు, చెప్పకుంట పోతే ఎవరో ఒకరు తెల్వక ఏమన్న అంటే నీ మనసు నొచ్చుకుంటది. చెప్పులు బయట, కాళ్లు చేతులు కడుక్కో, ఎనక వరస దాటి గోడకు కూసో. ఇషా (రాత్రి నమాజ్) అయినంక మొదలైతది, ఇరవై రకాత్‌లు (నమాజ్ ఆవృత్తులు), గంటకు పైననే పడ్తది, మధ్యల లేచిపోయినా ఎవ్వరేం అనరు. పోయేదైతే ఖతమ్ అయ్యే, అంటే ఖురాన్ మొత్తం చదువుడు పూర్తయ్యే, రాత్రి పో, చాలా చోట్ల 27వ రాత్రి పెట్టుకుంటరు, ఏ మసీదుల ఎప్పుడో అడిగి తెలుసుకో. ఆ రాత్రి ఆఖరు రకాత్‌లల్ల చిన్నచిన్న సూరాలు ఒకదాని ఎనక ఒకటి ఉరుకుతయ్, నీకేం అర్థం కాదు, కానీ ఒక చోట అర్, అర్, అర్ అని మూడు సార్లు వచ్చి ఆగుతది, పట్టుమని పది సెకన్లు. అది నీకు తెలిసిన సూరానే.